ఘర్షణ బాణం

పాత సాఫ్ట్‌వేర్ ఇక పనిచెయ్యదని తెలిసిన రోజున వదినా ఆడపడుచులిద్దరూ చాలా ఏళ్ళ తర్వాత ఒకే విషయానికి బాధపడ్డారు. అదీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని.

దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. కొత్త కంప్యూటర్లలో అది తెరుచుకోదు. కాలేజీ మొదటి సంవత్సరం పిల్లల కోసం వాళ్ళిద్దరూ కలిసి చేసిన భౌతికశాస్త్రం పుస్తకంలోని బొమ్మలన్నీ అందులో గీసినవే. కప్పీలు, కటకాలు, స్ప్రింగులు, వాలు మీద జారే దిమ్మలు. కొత్త ముద్రణకి పాఠాలు మారుతున్నాయి కాబట్టి బొమ్మలూ మారాలి. మార్చాలంటే ముందు తెరుచుకోవాలి కదా. తెరుచుకోవు గనక అన్నీ మళ్ళీ మొదట్నుంచి గీయాలి.

దేంట్లో గీయాలో మీ ఇద్దరే తేల్చుకుని చెప్పండి, ఏదైనా సరే ఒక్కటే ఉండాలి అన్నాడు సంపాదకుడు. ఏది అడిగినా "చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఆఫీసులో అందరూ ఆయన్ని చూద్దాంగారు అనేవాళ్ళు. తేల్చడం ఆయనకి చేతకాదు. ఈ ఇద్దరి చేతా తేల్పించవచ్చనుకోవడం మాత్రం వట్టి అమాయకత్వం.

వదిన కాలేజీలో భౌతికశాస్త్రం లెక్చరర్. పుస్తకం రాసింది ఆవిడ. బొమ్మలు గీసింది ఆడపడుచు. ఇంట్లో కూర్చుని ప్రచురణ సంస్థలకి బొమ్మలు గీసివ్వడం ఆమె వృత్తి. ఇద్దరి పేర్లూ ఒకే అట్ట మీద ఉన్నాయి గానీ, ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

ఈ వైరం పెళ్ళికంటే ముందుది. ఆడపడుచు కాలేజీలో చదివే రోజుల్లో వదిన ఆమెకి లెక్చరరు. అప్పుడే ఉద్యోగంలో చేరింది, నోరు చురుకు. ఒకసారి ప్రయోగశాలలో ఈ పిల్ల రికార్డు పుస్తకం పైకెత్తి క్లాసందరికీ చూపించింది. "బొమ్మలు అచ్చేసినట్టున్నాయి. కింద రాసింది మాత్రం ఎవరూ చదవకండి" అంది. క్లాసంతా నవ్వింది. ఆ ఏడు ఆ పిల్ల భౌతికశాస్త్రంలో తప్పింది. అన్నయ్య మార్కుల గురించి మాట్లాడి వస్తానని కాలేజీకి వెళ్ళాడు. అలా రెండు మూడుసార్లు వెళ్ళాక, మార్కుల సంగతి వదిలేసి పెళ్ళి సంగతి మాట్లాడి వచ్చాడు. చెల్లెలు భౌతికశాస్త్రం మానేసి బొమ్మల కోర్సులో చేరింది. వదినని ఇంటికొచ్చిన రోజు నుంచీ "మేడమ్" అనే పిలిచింది. వినేవాళ్ళకి అది గౌరవంలా వినబడేది. వదినకి మాత్రం అలా వినబడలేదు.

పుస్తకం పనిలో ఇద్దర్నీ కలిపింది కూడా అన్నయ్యే. పళ్ళ డాక్టరు. రోజంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించడమే తప్ప ఇంట్లో తను నోరు తెరిచేవాడు కాడు. తెరిచిన ఆ ఒక్కసారీ ఇదిగో, ఇలా అయింది.

సాఫ్ట్‌వేర్ సంగతి మాట్లాడుకోవడానికి అన్నయ్య ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చేరారు. వదిన అప్పటికే నిర్ణయించేసుకుని ఉంది. లాప్‌టాప్ తెరిచి చూపించింది. అది మౌస్‌తో గీసేది కాదు. కమాండ్లు టైపు చెయ్యాలి: ఈ బిందువు నుంచి ఆ బిందువుకి గీత, ఇంత కోణంలో వాలు, దాని మీద ఇంత దిమ్మ. బొమ్మ అదే గీసుకుంటుంది. అంకె మారిస్తే బొమ్మంతా దానికి తగ్గట్టు మారిపోతుంది. సెలవుల్లో తనే కూర్చుని నేర్చుకున్నానంది.

ఆడపడుచుకి విషయం ఠక్కున అర్థమైంది. ఆమె అనుకున్నది మౌస్‌తో గీసే మరో సాఫ్ట్‌వేర్. చేత్తో గీసినట్టే ఉంటుంది, గీతని పట్టుకుని లాగితే లాగిన చోటికి వస్తుంది. అదైతే బొమ్మకి ఆమె కావాలి. ఇదైతే అక్కర్లేదు.

"ఇందులో గీయడమంటూ ఉండదు. చెప్పడమే" అంది వదిన.

"చెప్పడం మీకు అలవాటే కదా మేడమ్."

అన్నయ్య లేచి మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. బల్ల మీద నీళ్ళ జగ్గు నిండుగానే ఉంది.

ఆ తర్వాత మాట మీద మాట పెరిగింది. బొమ్మలో ఒక్క బాణం గుర్తు జరపమంటే వారం తిప్పుకుంటావు, నీ దయ కోసం కూర్చోవడం నావల్ల కాదు అని వదిన. మీరు పెన్సిలుతో కెలికి పంపే కాగితాల్లో బాణమేదో వెంట్రుకేదో తెలుసుకోవడానికే వారం పడుతుంది అని ఆడపడుచు. చివరికి తేలిందేమీ లేదు. ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెచ్చుకుని చూద్దాంగారి ముందు గీసి చూపించాలని మాత్రం ఒప్పుకున్నారు.

ప్రచురణ సంస్థ ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. సమావేశం గదిలో ప్రొజెక్టరుకి బల్ల లేదు. అమ్ముడుపోని వ్యాకరణ పుస్తకాలు దొంతరగా పేర్చి దాని మీద పెట్టారు. చూద్దాంగారు కిటికీ మూయించి, గోడకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకటే బొమ్మ గీయాలి: వాలు మీద దిమ్మ, పైన కప్పీ, కప్పీ మీదుగా తాడు, తాడుకి వేలాడే ఇంకో దిమ్మ.

వదిన బొమ్మ ముందు వచ్చింది. తాడు కప్పీని సరిగ్గా అంచున తాకింది, దిమ్మ వాలుకి అతుక్కుని కూర్చుంది. బాగుందన్నాడు చూద్దాంగారు. అప్పుడు ఆడపడుచు చాలా మర్యాదగా అడిగింది, ఆ కోణం గుర్తు గీత మీద ఎక్కి కూర్చుంది, కాస్త ఎడమకి జరుపుతారా అని. వదిన ఒక అంకె మార్చింది. గుర్తు దిమ్మలోకి దూరింది. ఇంకో అంకె మార్చింది. వాలు కిందికి పడిపోయింది. మళ్ళీ మార్చింది. ఎక్కడో బ్రాకెట్టు ఎగిరిపోయి బొమ్మ మొత్తం మాయమైంది, గోడ మీద ఎర్రక్షరాలు మిగిలాయి. ఆడపడుచు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. చూద్దాంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆడపడుచు వంతు వచ్చింది. చెయ్యి తిరిగిన మనిషి, చకచకా గీసేసింది. అక్షరాలు ఎక్కడుండాలో అక్కడున్నాయి, చూడ్డానికి కంటికి హాయిగా ఉంది. వదిన అంతే మర్యాదగా అడిగింది. "వాలు ముప్ఫై డిగ్రీలు కదా. నలభై అయిదు చెయ్యి."

వాలు తిప్పితే దిమ్మ గాల్లో నిలబడింది. దిమ్మని తిప్పితే బాణాలు వెనకబడ్డాయి. బాణాల్ని ఒక్కొక్కటే పట్టుకొచ్చేసరికి తాడు కప్పీని వదిలేసింది. చెమట పట్టిన వేలు మౌస్ మీద జారుతుంటే ఆమెకి ప్రయోగశాలా, పైకెత్తిన రికార్డు పుస్తకమూ గుర్తొచ్చాయి. ఈసారి నవ్వడానికి క్లాసు లేదు గానీ చూసేవాళ్ళు చాలినంతమంది ఉన్నారు.

ఆ రోజు చూద్దాంగారు చూద్దాం అనలేదు. జీవితంలో అరుదుగా జరిగే పని, తీర్పు చెప్పాడు. పాఠాల్లో మాటిమాటికీ మారేవి అంకెలే కనక సాఫ్ట్‌వేర్ వదిన చెప్పినదే తీసుకుంటారు. గీసే పని మాత్రం ఆడపడుచుదే. లెక్చరరుగారికి క్లాసులుంటాయి, బొమ్మలు సమయానికి ఇవ్వలేరు. ఇద్దరికీ సమానంగా నచ్చని తీర్పు దొరికినందుకు ఆయన తృప్తిగా లేచాడు.

నేర్చుకోవాలంటే రమ్మను, చెబుతాను అని వదిన భర్తతో కబురు పెట్టింది. ఆవిడ చెబితే నాకేం వచ్చిందో అందరం చూశాం కదా అని చెల్లెలు అదే మనిషితో తిరుగు కబురు పంపింది. పళ్ళ డాక్టరు రెండు వైపులా మాటలు కాస్త నున్నగా అరగదీసి అందించాడు.

ఆడపడుచు సొంతంగా నేర్చుకుంది. కిటికీ పక్క బల్ల, పక్కన చల్లారిన టీ. మొదట్లో తెర నిండా తప్పులే. ఒక కామా మరిచిపోతే బొమ్మ రాదు. సాఫ్ట్‌వేర్‌ని తిట్టేది, దాన్ని ఎంచిన మనిషిని తిట్టేది. తిట్టడం వల్ల పని ఆగలేదు, పైగా కాస్త ఉత్సాహంగా సాగింది.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మౌస్‌తో గీసేటప్పుడు బాణం ఎంత పొడుగుండాలో చెయ్యే చూసుకునేది. ఈ సాఫ్ట్‌వేర్ అడుగుతుంది: ఎంత కోణం, ఎంత పొడుగు, ఎక్కడి నుంచి ఎక్కడికి. చెప్పాలంటే తెలియాలి. తెలియాలంటే బొమ్మ కింద ఉన్న పాఠం చదవాలి. ఇన్నేళ్ళుగా ఆమె ఆ పాఠాలు చదవకుండానే గీసింది. ఇప్పుడు చదివింది. కటకం నుంచి వస్తువు ఎంత దూరంలో ఉంటే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో అంకెలతో చెప్పి చూసుకుంది. అంకె మార్చి మళ్ళీ చూసుకుంది. వస్తువుని కటకం నాభికంటే, అదే ఫోకస్ కంటే, దగ్గరికి తెస్తే కిరణాలు అవతల ఎక్కడా కలవలేదు. ఎందుకు కలవలేదో కళ్ళ ముందే కనబడింది. కుర్చీలో వెనక్కి వాలింది. ఆనందం కాదు, ఒళ్ళు మండింది. ఇంతేనా ఇది? ఇంత చిన్న సంగతికా నేను పదిమందిలో తలదించుకున్నాను? కొలతలతో ఒక్కసారి చూపించి ఉంటే ఆ రోజే తెలిసేది కదా?

అలా అధ్యాయాలు ఒక్కొక్కటే పూర్తయ్యాయి. బలాల పాఠానికి వచ్చేసరికి ఆమె ఆరితేరింది. కోణమూ, ఘర్షణ ఎంతో చెప్పే గుణకమూ ఇస్తే చాలు, బాణాల పొడవులు అవే లెక్క కట్టుకునేలా ముందే రాసిపెట్టుకుంది. దిమ్మని కిందికి లాగే బలానికి ఒక బాణం, దాన్ని పట్టి ఆపగలిగే ఘర్షణకి ఒక బాణం. ఏది పెద్దదైతే దాని మాట చెల్లుతుంది.

ఒక మధ్యాహ్నం ఒక అభ్యాసం లెక్కకి బొమ్మ వేస్తోంది. ఇరవై డిగ్రీల వాలు మీద నిశ్చలంగా వదిలిన దిమ్మ కిందికి జారసాగింది, గుణకం సున్నా పాయింట్ నాలుగు, త్వరణం కనుక్కోండి అని ఉంది. పాత ముద్రణలో వాలు ముప్ఫై ఉండేది. కొత్తగా ఉండాలని వదిన అంకె మార్చింది. ఆడపడుచు అంకెలు ఇచ్చింది. బొమ్మ వచ్చింది. ఘర్షణ బాణం రెండోదానికన్నా పొడుగ్గా ఉంది.

తను తప్పు టైపు చేశాననుకుని సరిచూసుకుంది. తప్పులేదు. కాగితం మీద వేసి చూసింది. అంతే వచ్చింది. ఆపేది లాగేదానికన్నా పెద్దది. దిమ్మ ఎందుకు జారుతుంది? జారదు. లెక్కే తప్పు.

ఫోన్ తీసుకుంది. నంబరు కూడా నొక్కబోయింది. ఆగింది.

ఈ లెక్క ఇలాగే అచ్చవుతుంది. ఏదో ఒక రోజు ఎవరో ఒక కుర్రాడు లేచి, మేడమ్, దిమ్మ జారదు కదండీ అంటాడు. క్లాసంతా పుస్తకంకేసి చూస్తుంది, తర్వాత ఆవిడకేసి చూస్తుంది. ఆ చూపులు ఎలా ఉంటాయో ఆడపడుచుకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఫోన్ బోర్లించి పెట్టింది. కానీ బొమ్మ ఇలా ఉంటే ప్రూఫులోనే దొరికిపోతుంది. ఘర్షణ బాణానికి లెక్క తీసేసి, అక్కడ ఒక చిన్న అంకె టైపు చేసింది. బాణం పొట్టిదైంది. దిమ్మ ఇప్పుడు నిక్షేపంగా జారుతున్నట్టే ఉంది.

ఆ పూట ఆమె రెండుసార్లు వడ్డించుకుని తింది.

ప్రూఫులు వెళ్ళాయి. కొన్నాళ్ళకి సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా వదిన. ఆ ఇంటి గడప తొక్కి ఏళ్ళయింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఒకే ఒక్క పేజీ ఉంది. కింద కారులో అన్నయ్య ఉన్నాడు, ఇంజను ఆపినట్టు లేదు.

వదిన పేజీ బల్ల మీద పెట్టింది. "దిమ్మ జారదు."

"జారుతుందని మీరే రాశారు."

"నేను తప్పు రాశాను. ప్రూఫులో అంకెలు చదువుతుంటే అనుమానం వచ్చింది. అది నా చేతకానితనం, దాని సంగతి నేను చూసుకుంటాను. నేను వచ్చింది దానికి కాదు." ఆవిడ గొంతు పెంచలేదు. "మిగతా బొమ్మలన్నీ స్కేలు పెట్టి కొలిచాను. ప్రతి బాణం లెక్కకి సరిపోయింది. ఈ ఒక్కదాంట్లో ఘర్షణని పొట్టి చేశావు. ఎంత పొట్టి చేస్తే నాకు కనబడదో అంతే చేశావు."

ఆడపడుచు పేజీని తనవైపు లాక్కుంది.

"తెలియక చేశానని చెప్పు" అంది వదిన. "నాకు భౌతికశాస్త్రం రాదు, చెయ్యి జారింది అను. నమ్ముతాను. ఇక్కడితో వదిలేస్తాను."

దారి తెరిచే ఉంది. రాదు అంటే చాలు. ఈ పని చేతిలో ఉంటుంది, అట్ట మీద పేరు నిలుస్తుంది, అన్నయ్య ఊపిరి పీల్చుకుంటాడు. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది, ఎంత తోసినా బయటికి రాలేదు.

"తెలుసు" అంది. "బొమ్మ రాగానే తెలిసింది. కాగితం మీద కూడా వేసి చూశాను."

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. "ఎప్పుడు నేర్చుకున్నావు?" దొంగసొత్తు ఎక్కడిదని అడిగినట్టు అడిగింది.

"మీరు పక్కన లేనప్పుడు."

"క్లాసులో లేచి నిలబడేవాడు ఒక్కడుంటాడు. నువ్వు లెక్క వేసుకుంది వాడి మీద" అంది వదిన. "మిగతావాళ్ళు లేవరు. పుస్తకం తప్పనుకోరు. తమకే రాదనుకుంటారు. ఇంట్లో కూర్చుని గింజుకుని గింజుకుని, చివరికి మానేస్తారు. నీకు ఆ సంగతి తెలియదని మాత్రం అనకు."

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. ఆ క్లాసుని ఊహించుకున్నప్పుడు వదిన ముఖం తప్ప ఇంకే ముఖమూ ఆమె చూసుకోలేదు. అన్నేళ్ళ కిందట ఆ మాట మీకెందుకు తట్టలేదు అని అడగాలనుకుంది. అడిగింది కూడా.

వదిన గుమ్మం దగ్గర ఆగింది. "అప్పుడు నాకు పాఠం చెప్పడం రాదు" అంది. అది క్షమాపణలా లేదు. ఫలానా ఊరికి ఆ రోజుల్లో బస్సు లేదు అని చెప్పినట్టుంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడే వదిన చూద్దాంగారికి అంతా చెప్పింది, తన తప్పుతో సహా ఏదీ దాచకుండా. ఆయన ఆడపడుచుకి ఫోన్ చేసి నిజమేనా అని అడిగాడు. నిజమే అంది. వాలు మళ్ళీ ముప్ఫై డిగ్రీలైంది. ఆమె ఆ ఒక్క అంకె మార్చి, ఘర్షణకి లెక్క తిరిగి పెట్టింది. బాణాలు రెండూ తమ పొడవుకి తాము వచ్చేశాయి. పుస్తకం ఇద్దరి పేర్లతోనే వెలువడింది. రెండో సంవత్సరం పుస్తకానికి మాత్రం చూద్దాంగారు బొమ్మలు వేరేవాళ్ళకి ఇచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి ఇంకో ప్రచురణ సంస్థ ఆడపడుచుని పిలిచి పనిచ్చింది.

అన్నయ్య ఒక్కసారి, మీ ఇద్దరూ ఓసారి కూర్చుని మాట్లాడుకుంటే అని మొదలుపెట్టాడు. ఇద్దరి దగ్గరా విడివిడిగా మొదలుపెట్టాడు. ఇద్దరూ విడివిడిగా నోరు మూయించారు.

ఏడాది తిరిగాక ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు, నసుగుతూ. మీ వదిన విద్యుత్తు మీద లెక్కల పుస్తకం రాసింది, అచ్చుకి ముందు చూసిపెడతావా అని అడగమంది.

"బొమ్మలా?"

"బొమ్మలు కాదు. లెక్కలు."

ఎందుకు తనని అంటే, అన్నయ్య ఈసారి మాట అరగదీయకుండా చెప్పేశాడు. కాలేజీలో తోటివాళ్ళకిస్తే చదవకుండానే బాగుందంటారట. నీకైతే బాగుందనే ఉద్దేశం ఎలాగూ ఉండదు కాబట్టి నువ్వే నయమట.

ఆడపడుచు సరే అనలేదు, కాదనలేదు. సాయంత్రానికి మెయిల్లో లెక్కలు వచ్చాయి. పైన పలకరింపు లేదు, కింద సంతకం లేదు. ఆమె రెండు రోజులు కూర్చుంది. తప్పు దొరుకుతుందేమోనని ఆశగానే చూసింది. దొరకలేదు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అని రాసి పంపింది. ఆ మాట రాయడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

గంటలో జవాబు వచ్చింది. "ఏడోది మళ్ళీ చూడు. తప్పు కావాలనే పెట్టాను."

ఆడపడుచు గట్టిగానే తిట్టింది. పక్క ఫ్లాటుకి వినబడి ఉంటుంది. ఏడో లెక్క తీసి చూస్తే నిజమే, ఒక విద్యుదావేశం గుర్తు తిరగబడి ఉంది, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. ఎదురుగా ఉన్నా తన కన్ను దాటిపోయింది. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, వేసిన కాగితాలన్నీ పక్కకి తోసేసి, ఒకటో లెక్క దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆవిడ కావాలని పెట్టనిది ఒక్కటైనా దొరక్కపోతుందా అని.